ఇంట్లో టీవీ మాట పెద్దలకు స్పష్టంగా వినిపించాలంటే

మా రాయచోటి ప్రాంతంలోని ఎన్నో కుటుంబాలకు కువైట్‌తో విడదీయరాని బంధం ఉన్నది. ఇంటి బిడ్డలు అక్కడ వాహనాలు నడిపి, వంటలు చేసి, దుకాణాలలో నిలబడి సంపాదించినదానిలో కొంత ఇక్కడి ఇంటికి చేరుతుంది. అప్పు తీరి, ఇల్లు లేచి, చెల్లెలి నికాహ్ జరిగిపోయిన తర్వాత కొడుకులు తల్లిదండ్రుల కోసం కొనే సౌకర్యాలలో పెద్ద టీవీ ఒకటి. దానికి తోడుగా స్పీకర్ల సెట్టు కూడా వస్తుంది. తెర కింద పొడవైన సౌండ్‌బార్, గది మూలన బరువైన ఊఫర్.

ఇంత జరిగినా ఆ ఇంటి పెద్దాయన వార్తల నడుమ పక్కకు తిరిగి "ఏమన్నాడు?" అని అడగడం మానరు. మనవడు రిమోట్ అందుకొని శబ్దం పెంచుతాడు. వంటింట్లో నుండి కోడలు తగ్గించమంటుంది. పరీక్షకు చదువుకుంటున్న పిల్ల తలుపు వేసుకుంటుంది. పక్కింటివారి గోడ అదురుతుంది. పెద్దాయనకు మాత్రం మాట అందదు. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేస్తారు. అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వి, కొంతసేపటికి మెల్లగా లేచి వాకిట్లోని మంచం మీదికి వెళ్లి కూర్చుంటారు. "ఆయనకు టీవీ మీద ఆసక్తి పోయింది" అని ఇంట్లోవారు అనుకుంటారు. ఆసక్తి ఎక్కడికీ పోలేదు. మాట చేరడం లేదు, అంతే.

ఒక మనిషి తన ఇంటి కూటమి నుండి ఇలా మౌనంగా జారిపోవడం చిన్న విషయం కాదు. విచారకరమేమంటే, చాలా ఇళ్లలో దీనికి కారణం డబ్బు లేకపోవడం కాదు. ఉన్న స్పీకరు తగని చోట ఉండటం, తగిన స్పీకరును ఎంచుకోకపోవడం. శబ్దం పెంచడం వేరు, మాటను స్పష్టం చేయడం వేరు. ఈ భేదం తెలిస్తే స్వల్ప వ్యయంతో, ఒక్కొక్కసారి పైసా ఖర్చు లేకుండానే, పెద్దలను తిరిగి మన మధ్యకు తెచ్చుకోవచ్చు.

మాట ఎక్కడ తెగిపోతుంది?

మదర్సాలో తజ్వీద్ నేర్పేటప్పుడు తొలి పాఠాలు మఖారిజ్ గురించే ఉంటాయి. అంటే ఏ అక్షరం నోటిలో ఏ చోట పుడుతుందన్న జ్ఞానం. ఆ తర్వాత సిఫాత్, అంటే అక్షరాల గుణాలు. హిజ్రీ రెండవ శతాబ్దపు వ్యాకరణ పండితుడు సీబవైహ్ తన 'అల్‌కితాబ్'లో అక్షరాలను మజ్‌హూర, మహ్మూస అని రెండుగా విభజించాడు. మజ్‌హూర అక్షరాలలో నాదం ఉంటుంది. మహ్మూస అక్షరాలు పదే. అవి ఊపిరితో మాత్రమే పలికే బలహీనమైన అక్షరాలు. సీన్, సాద్, షీన్, ఫా, తా, కాఫ్ వంటివి వీటిలోనివే. విద్యార్థి నాలుగు బారల దూరం జరిగి పలికితే ముందుగా తెగిపోయేవి ఈ అక్షరాలే అని తజ్వీద్ చెప్పే ప్రతి ఉపాధ్యాయునికీ అనుభవమే.

తెలుగు వ్యాకరణం కూడా ఈ భేదాన్ని ఎరుగును. క, చ, ట, త, ప లను పరుషాలన్నారు. శ, ష, స, హ లను ఊష్మాలన్నారు. అచ్చులలో నాదబలం ఎక్కువ. పరుషాలలో, ఊష్మాలలో అది ఉండదు. అయినా అర్థాన్ని నిర్ణయించే భారంలో అధికభాగం ఆ బలహీనుల భుజాల మీదనే ఉన్నది. "కప్పు, తప్పు, పప్పు" అన్న మూడు మాటలు చూడండి. తేడా అంతా మొదటి అక్షరంలో, సెకనులో అతి స్వల్ప భాగంలో ముగిసిపోయే ఒక చిన్న ఊపిరి తాకిడిలో ఉన్నది. మిగిలిన భాగం మూడింటికీ ఒకటే. ఆ తాకిడి చెవికి అందకపోతే "అప్పు" అన్న శేషమే మిగులుతుంది. పెద్దాయన దాని ముందు తనకు తోచిన అక్షరం చేర్చుకుంటారు.

శబ్దశాస్త్రం భాషలో చెప్పాలంటే, ఆరోగ్యవంతమైన యువకుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. అచ్చుల బలం ప్రధానంగా 1,000 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. హల్లులను వేరుచేసే ఆనవాళ్లలో అధికభాగం 1,000కు పైన, ముఖ్యంగా 2,000 నుండి 4,000 వరకు ఉన్న పట్టీలో ఉంటుంది. స, శ వంటి ఊష్మాలు ఇంకా పైకి వెళ్తాయి. ఊఫర్ పని చేసేది సుమారు 200కు దిగువన. కనుక ఎంత పెద్ద ఊఫర్ కొన్నా అది మాటను ఒక్క అక్షరమంత కూడా స్పష్టం చేయజాలదు. పైగా కింది పట్టీలోని బలమైన ధ్వని తనకు పైనున్న బలహీన ధ్వనిని కప్పివేస్తుంది. నేపథ్య సంగీతం దబదబలాడేకొద్దీ మాట మరింత మునిగిపోవడానికి కారణమిదే.

వయసు చెవికి చేసేదేమిటి?

వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా పై పట్టీ నుండే మొదలవుతుంది. అంటే హల్లులు ముందుగా పోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే ఈ వయసువారు "వినిపిస్తున్నది గాని అర్థం కావడం లేదు" అంటారు. ఆ మాట సాకు కాదు. తమ స్థితిని అంతకంటే సరిగా చెప్పడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 సంవత్సరాలు దాటినవారిలో నాలుగింట ఒక వంతుకు పైగా ఇబ్బంది కలిగించే స్థాయి వినికిడి లోపంతో ఉన్నారు.

మరొక విషయం కుటుంబాలలో ఎన్నో అపార్థాలకు మూలమైనది. లోపమున్న చెవికి మెల్లని ధ్వని వినబడదు, కాని కొంచెం హెచ్చిస్తే అది ఒక్కసారిగా భరించరానంత అవుతుంది. వినబడటానికీ, బాధ కలగడానికీ నడుమ ఉండే విశాలమైన జాగా కుంచించుకుపోతుంది. "మెల్లగా చెబితే వినబడలేదంటారు, గట్టిగా చెబితే ఎందుకు అరుస్తావంటారు" అని కోడళ్లు, కొడుకులు విసుక్కోవడం మేము ఎన్నో ఇళ్లలో విన్నాము. ఆ పెద్దలు పేచీకోరులు కారు. వారి చెవి నిజంగానే ఆ రెండు మాటలూ చెబుతున్నది. టీవీ శబ్దాన్ని 20 నుండి 40కి పెంచడం వారి సమస్యకు పరిష్కారం కాకపోవడానికి ఇదొక కారణం.

మన గోడలు, మన బండలు

రెండవ కారణం మన ఇళ్లలో ఉన్నది. కడప రాయి దేశమంతటా పేరు పొందినది. మన ఇళ్లలో నేల ఆ బండలతోనో టైల్స్‌తోనో ఉంటుంది. పైన కాంక్రీటు కప్పు, చుట్టూ నున్నగా సిమెంటు పూసి రంగు వేసిన గోడలు. ఇటువంటి గట్టి తలాలు తమను తాకిన ధ్వనిలో నూటికి రెండు మూడు పాళ్లకు మించి పీల్చుకోవు. మిగిలినదంతా తిరిగి గదిలోకే విసురుతాయి. ఒక అక్షరపు ప్రతిధ్వని గదిలో తిరుగుతుండగానే తర్వాతి అక్షరం వస్తుంది. బలమైన అచ్చు తోక, బలహీనమైన హల్లు తలను మింగివేస్తుంది. దూలాలు, దంతెలు, మట్టి గోడలతో కట్టిన పాత మిద్దె ఇళ్లలో గోడలూ కప్పూ ఇంత నునుపుగా, ఇంత గట్టిగా ఉండేవి కావు. గోడకు బొంతలు, గూటిలో పరుపులు కూడా ఉండేవి. కొత్త ఇల్లు కంటికి అందంగా ఉన్నది. చెవికి మాత్రం బావిలా ఉన్నది.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇదే చిక్కు ఎదురైంది. ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో వక్త మాట ఎవరికీ అర్థం కాలేదు. వాలెస్ సబీన్ అనే యువ ఆచార్యుణ్ణి దీని సంగతి చూడమన్నారు. ఆ శాలలో ఒక శబ్దం పూర్తిగా అణగిపోవడానికి 5 సెకండ్లకు పైగా పట్టేది. ఆ వ్యవధిలో వక్త మరో పది మాటలు మాట్లాడేస్తాడు. సబీన్ సమీపంలోని నాటకశాల నుండి ఆసనాల మెత్తలను రాత్రివేళ మోయించి తెప్పించి, ఒక్కొక్కటిగా పరుస్తూ ధ్వని ఎంత త్వరగా అణగుతున్నదో కొలిచాడు. ఆ మెత్తల నుండి ఒక సూత్రం పుట్టింది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని వస్తువులు పీల్చుకునే సామర్థ్యంతో భాగిస్తే ధ్వని ఎన్ని సెకండ్లు నిలుస్తుందో తెలుస్తుంది.

ఆ లెక్కను మన హాలుకు అన్వయిద్దాము. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది ఘనపరిమాణం సుమారు 48 ఘనపు మీటర్లు. బండల నేల, కొద్దిపాటి సామాను, ఒకటి రెండు తలుపులు కలిపి ధ్వనిని పీల్చుకునే సామర్థ్యం 4 చదరపు మీటర్లు అనుకుంటే, ధ్వని దాదాపు 2 సెకండ్లు నిలుస్తుంది. అదే గదిలో మందపాటి తెరలు, నేలపై తివాచీ లేక జంపఖానా, గోడ వారగా పరుపులు వేసిన మంచం, నలుగురు మనుషులు చేరి ఆ సామర్థ్యం 12కు పెరిగితే, వ్యవధి 0.6 సెకండ్లకు పడిపోతుంది. అమెరికాలో చిన్న తరగతి గదులకు నిర్ణయించిన ప్రమాణం సరిగ్గా ఈ 0.6 సెకండ్లే. కనుక స్పీకరు కొనడానికి ముందు గదికి నాలుగు బట్టలు కట్టాలి. టీవీకి ఎదురుగా ఉన్న ఖాళీ గోడకు ఒక మందపాటి తెర, నేలపై ఒక తివాచీ, పగలు మడిచి లోపల దాచే బొంతలను హాలులోని మంచం మీదనే పేర్చడం. ఖర్చు లేని వైద్యాలు ఇవే.

కూలర్ గురించి కూడా చెప్పుకోవాలి. మా ప్రాంతపు ఎండాకాలంలో కూలర్ లేకుండా మధ్యాహ్నం గడవదు. కాని కూలర్ హోరు పై పట్టీలోని హల్లులను కప్పుతుంది. మాట అలసట లేకుండా అర్థం కావాలంటే అది చుట్టూ ఉన్న హోరు కంటే 15 డెసిబెళ్లు హెచ్చుగా ఉండాలని తరగతి గదుల విషయంలో చెబుతారు. కూలర్‌ను పెద్దాయన చెవి పక్కన ఉంచి, టీవీ శబ్దాన్ని దానితో పోటీకి దించడం వ్యర్థం. కూలర్‌ను కిటికీ అవతలికి జరపండి. వార్తల అరగంట దాని వేగం తగ్గించండి.

నేటి టీవీ నోరు ఎటు తిరిగి ఉన్నది?

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టిన కాలపు పెట్టె టీవీలు గుర్తున్నవారు ఉంటారు. వాటిలో చాలావాటికి తెర పక్కనో, కిందనో జల్లెడలాంటి రంధ్రాలు కనిపించేవి. స్పీకరు మన వైపు ముఖం పెట్టి మాట్లాడేది. నేటి టీవీ పలచబడింది, అంచులు మాయమయ్యాయి, స్పీకరుకు ముందు భాగంలో చోటు మిగలలేదు. చాలా టీవీలలో అది కిందికో, వెనుక గోడ వైపుకో తిరిగి ఉంటుంది. కింది పట్టీ ధ్వని ఎటు వదిలినా గదంతా వ్యాపిస్తుంది. పై పట్టీ ధ్వని మాత్రం టార్చిలైటు వెలుగులాగా తాను చూస్తున్న దిక్కుకే ఎక్కువగా పోతుంది. గోడకు వదిలిన హల్లు గోడకే చేరుతుంది. పైగా మనం టీవీని ఆరడుగుల ఎత్తున బిగించి, నేల మీద చాప వేసుకొని కూర్చుంటాము. ఎదుటివాని నెత్తి మీదుగా మాట్లాడినట్లే అది.

కనుక విడిగా ఒక స్పీకరు ఉండటం సమంజసమే. అయితే ఎటువంటిది?

కొనేటప్పుడు చూడవలసినవి

మొదటిది, వాట్ల సంఖ్యకు మోసపోవద్దు. పెట్టె మీద వేలల్లో కనిపించే పి.ఎం.పి.ఓ. అంకె అలంకారం మాత్రమే. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగండి. ఆ అంకె రెట్టింపైనా ధ్వని పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపుగా తోచాలంటే పది రెట్ల వాట్లు కావాలి. చిన్న హాలులో మాట వినడానికి పెద్ద సంఖ్యల అవసరం లేదు.

రెండవది, మాటకు మధ్య స్పీకరు ముఖ్యం. సినిమా హాలులో సంభాషణ ప్రధానంగా తెర వెనుక నడుమనున్న స్పీకరు నుండే వస్తుంది. సంగీతం, వాన, వాహనాలు పక్కలకు పోతాయి. ఇంట్లో రెండే స్పీకర్లున్నప్పుడు మాట నడుమ నుండి వస్తున్నట్లు చెవి ఊహించుకుంటుంది. అలా రెండు దిక్కుల నుండి వచ్చి కలిసే మాట సరిగ్గా 2,000 హెర్ట్జ్ సమీపంలో, అంటే హల్లులు నివసించే చోటనే, కొంత బలహీనపడుతుంది. సౌండ్‌బార్ పెట్టె మీద 2.1 అని ఉంటే ఎడమ, కుడి, ఊఫర్ అని అర్థం. 3.1 అని ఉంటే నడుమ మాటకు వేరే స్పీకరు ఉన్నదని అర్థం. పెద్దల కోసమైతే ఊఫర్ లేకపోయినా ఫరవాలేదు, మధ్య స్పీకరు ఉండటం మేలు. ఆ మధ్య స్పీకరు శబ్దాన్ని విడిగా పెంచుకునే వీలు రిమోట్‌లో ఉంటే మరీ మేలు.

మూడవది, దుకాణానికి పెద్దవారిని వెంట తీసుకువెళ్లండి. వారి చెవికే కదా కొంటున్నది! అమ్మేవారు సాధారణంగా సినిమా పాట పెట్టి, శబ్దం బాగా పెంచి వినిపిస్తారు. అది వద్దని, వార్తలు పెట్టమనండి. శబ్దం తగ్గించి, ఇంట్లో కూర్చునేంత దూరంలో కూర్చోబెట్టండి. ఒక వాక్యం కాగానే ఆపి, ఏమన్నారో పెద్దవారిని చెప్పమనండి. పది వాక్యాలలో ఎన్ని సరిగా చెప్పారో లెక్కపెట్టండి. మరొక స్పీకరుతో ఇదే చేయండి. ఏది మంచిదో ధరల పట్టిక కంటే ఈ లెక్క బాగా చెబుతుంది.

నాలుగవది, కలిపే తీగ. టీవీ వెనుక హెచ్.డి.ఎం.ఐ. ఏ.ఆర్.సి. అని రాసి ఉన్న రంధ్రం ఉంటే ఒకే తీగతో పని జరుగుతుంది, టీవీ రిమోట్‌తోనే స్పీకరు శబ్దం కూడా మారుతుంది. రెండు రిమోట్లు పెద్దలకు పెద్ద చిక్కు. బ్లూటూత్‌తో కలిపితే తీగ ఉండదు గాని, ధ్వని ఆలస్యంగా రావచ్చు. పెదవుల కదలికకు ధ్వని 125 మిల్లీసెకండ్లకు మించి వెనుకబడితే ఆ తేడాను మనిషి గుర్తుపడతాడని అంతర్జాతీయ ప్రమాణం చెబుతున్నది. వినికిడి తగ్గినవారు తమకు తెలియకుండానే పెదవులను చదువుతారు. పెదవి ఒకటి, ధ్వని ఒకటి అయితే వారి ఊతకర్ర విరిచినట్లే.

ఎక్కడ ఉంచాలి?

ఇంత వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. స్పీకరును వినేవారి దగ్గరికి తీసుకురండి. మూలం నుండి దూరం సగమైతే నేరుగా చేరే ధ్వని 6 డెసిబెళ్లు పెరుగుతుంది. 12 అడుగుల దూరంలోని స్పీకరును 3 అడుగులకు తెస్తే 12 డెసిబెళ్ల లాభం. అదే లాభం వాట్లతో పొందాలంటే 16 రెట్ల వాట్లు కావాలి. దగ్గరగా ఉన్న స్పీకరు ధ్వని గోడలను తాకి వచ్చే ప్రతిధ్వనిని కూడా అధిగమిస్తుంది. వేలాదిమంది గుమిగూడే పెద్ద మస్జిదులలో ఒకే పెద్ద స్పీకరు పెట్టకుండా స్తంభానికొకటిగా చిన్నవి ఎందుకు అమరుస్తారో ఇప్పుడు బోధపడుతుంది.

ఇంట్లో దీనిని అమలుచేయడం కష్టం కాదు. టీవీ ధ్వనిని యథాతథంగా ఉంచి, పెద్దవారు కూర్చునే కుర్చీ లేక మంచం పక్కన ఒక చిన్న స్పీకరును తీగతో కలపండి. టీవీ 10 అడుగుల అవతల ఉన్నా రెండు ధ్వనుల మధ్య తేడా సుమారు 9 మిల్లీసెకండ్లే. 30 మిల్లీసెకండ్ల లోపల వచ్చే రెండు ధ్వనులను చెవి ఒకటిగానే కలుపుకుంటుందని 1940ల చివరలో జర్మనీలో హెల్ముట్ హాస్ పరిశోధించి చూపాడు. బ్లూటూత్ ఆలస్యం ఈ హద్దు దాటి రెండు గొంతులుగా వినిపించవచ్చు. కాబట్టి ఇక్కడ తీగే శ్రేష్ఠం. కొన్ని టీవీలలో హెడ్‌ఫోన్ రంధ్రానికి తీగ పెట్టగానే టీవీ స్పీకరు ఆగిపోతుంది. అమరికలలో రెండూ కలిసి పలికే వీలున్నదో లేదో ముందే చూసుకోండి.

స్పీకరు ఎత్తు చెవి ఎత్తున ఉండాలి. నేలపై కూర్చునేవారి చెవి సుమారు రెండున్నర అడుగుల ఎత్తున, కుర్చీలోని వారి చెవి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. స్పీకరు అంతకంటే పైన ఉంటే దాని ముఖాన్ని కిందికి వంచండి. సౌండ్‌బార్‌ను అల్మరా గూటిలోకి నెట్టవద్దు. బల్ల అంచు వరకు ముందుకు జరపండి. దాని ముందు పూలకుండీలు, ఫోటో చట్రాలు పెట్టవద్దు. ఊఫర్‌ను మూలన ఉంచితే రెండు గోడలు, నేల కలిసి దాని హోరును ఇంకా పెంచుతాయి. పక్కింటి గోడకు ఆనించి అసలే వద్దు. కింది పట్టీ ధ్వని గోడలను దాటగలదు. మనకు మాట రాదు, పొరుగువారికి నిద్ర రాదు. పొరుగువారి హక్కు ఎంతటిదో మన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

పెద్దవారికి ఒక చెవి మెరుగ్గా ఉంటే స్పీకరు ఆ వైపు ఉండాలి. వారు కూర్చునే చోటును గది నడుమ వేలాడే ఫ్యాను కింద నుండి, వంటింటి తలుపు ఎదుట నుండి తప్పించండి.

అమరికలలో దాగి ఉన్న మేలు

ఉన్న టీవీలోనే కొంత ఉపశమనం ఉంటుంది. ధ్వని అమరికలలో వార్తలు, స్పష్టమైన గొంతు, సంభాషణ వంటి పేరుతో ఒక పద్ధతి ఉంటుంది. దానిని ఎంచుకోండి. సరౌండ్ అన్నదానిని ఆపివేయండి. బాస్ తగ్గించి ట్రెబుల్ కొంచెం పెంచండి. నైట్ మోడ్ అని ఉంటే పగలు కూడా వాడవచ్చు. అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్న శబ్దాలను పెంచుతుంది. చెవిలో జాగా కుంచించుకుపోయినవారికి అదే కావాలి. ప్రకటన రాగానే శబ్దం హఠాత్తుగా పెరిగే బాధ కూడా దీనితో కొంత తగ్గుతుంది. ఈ బాధ అన్ని దేశాలలోనూ ఉన్నది. ప్రకటనలు కార్యక్రమం కంటే పెద్ద శబ్దంతో ఉండరాదని అమెరికా 2010లో చట్టమే చేసింది. సెట్‌టాప్ బాక్సులో ధ్వని డాల్బీ అని ఉండి, ఇంట్లో రెండు స్పీకర్లే ఉంటే, దానిని స్టీరియో లేక పి.సి.ఎం.కు మార్చి చూడండి. చాలాసార్లు సన్నగిల్లిన మాట తిరిగి వస్తుంది.

హెడ్‌ఫోన్ గురించి కొందరు అడుగుతారు. రాత్రివేళ అందరూ నిద్రించాక అది మంచి సాధనమే. కాని సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు పెద్దాయన చెవులు మూసి పెడితే, టీవీ వినిపిస్తుంది, మనవరాలి మాట వినిపించదు. ఏ కొరత తీర్చడానికి బయలుదేరామో దానినే మరో దారిలో పెంచినట్లవుతుంది.

స్పీకరుతో తీరని కొరత

ఇవన్నీ చేసినా మాట అందకపోతే, లోపం గదిలో లేదు, చెవిలో ఉన్నది. ముందు చెవి వైద్యునికి చూపించండి. కొన్నిసార్లు గట్టిపడిన గుబిలి తీస్తేనే సగం సమస్య తీరుతుంది. పుల్లలతో, పిన్నులతో ఇంట్లో ప్రయత్నించవద్దు. తర్వాత ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించండి. ఏ పట్టీలో ఎంత తగ్గినదో ఆ గీత చూపుతుంది. దానిని బట్టి వినికిడి యంత్రం ఎంచుకోవాలి. పరీక్ష లేకుండా దొరికిన యంత్రం కొని పెట్టడం కొలత లేకుండా కళ్లద్దాలు కొన్నట్లే.

దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు వినికిడి యంత్రాలు, చేతికర్రలు వంటివి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే ప్రారంభించింది. ముంబయిలోని జాతీయ వాక్, శ్రవణ సంస్థ హైదరాబాదీయుడైన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్నది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది. చెవి పరీక్షకు సిగ్గుపడే పెద్దలకు ఈ సంగతులు చెప్పండి. చూపు తగ్గితే అద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం, వినికిడి తగ్గితే మాత్రం ఎందుకు దాచుకోవాలి?

ఇంట్లోని యువకులకు కూడా ఒక హెచ్చరిక. 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. నేడు తాత కోసం పెంచిన శబ్దం రేపు మనవని చెవికి ముప్పు కారాదు.

వచ్చే జుమా రోజున సాయంత్రం ఒక గంట ఈ పనికి కేటాయించండి. తెర కట్టండి, తివాచీ పరవండి, కూలర్ జరపండి, స్పీకరును పెద్దవారి పక్కకు తెచ్చి చెవి ఎత్తున ఉంచండి. వార్తలు పెట్టి, వాక్యం వాక్యానికి ఆపి అడగండి. వారు సరిగా చెప్పగలిగిన చోట స్పీకరును స్థిరపరచండి. ఆ తర్వాత కువైట్‌లోని కొడుకు వీడియో కాల్ చేసినప్పుడు ఫోనును అదే స్పీకరుకు కలపండి. ఇన్నాళ్లు "బాగున్నావా, తిన్నావా" అని రెండు ముక్కలు అడిగి, బదులు అందక ఫోను కోడలికి ఇచ్చేసిన తల్లి, ఆ రోజు కొడుకు చెప్పింది విని, దానికి తగిన మరో ప్రశ్న అడుగుతుంది. కొడుకు డబ్బు పంపి కొన్న స్పీకరు అప్పుడు తల్లికి ఉపయోగపడినట్లు.